దిగువ వైపు అతుకులు

కుజుహరా, రైల్వే వసతి గృహం
1974 మార్చి 12

మామయ్యా,

అత్తయ్య పంపిన నారింజల పెట్టె ఒసాకాలో అందింది. రెండు రోజులు కూడా ఆగలేదు. మా సెక్షను పెద్ద ఉజిహారా గారు ఒక్కరే ఏడు తిని, ఎనిమిదోది కోటు జేబులో వేసుకున్నారు. ఈ ఉత్తరం మాత్రం ఒసాకా నుంచి కాదు. పని మీద కొండల్లోకి వచ్చి వారమైంది.

ఇక్కడ ఒక చిన్న ప్రైవేటు రైలు దారి ఉంది. పైన గనిలో తవ్విన సున్నపురాయిని కింద రేవులో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీకి మోస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రెండు పెట్టెల బండి బడిపిల్లలతో తిరుగుతుంది. అన్నీ దాటవలసింది ఒకే వంతెన, నది మీద అయిదు ఖానాల ఉక్కు వంతెన (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాన్ని ఇక్కడ ఖానా అంటారు). అక్టోబరు నుంచి ఇంకా బరువైన రాతి బళ్ళు నడుపుతారట. వంతెన తట్టుకుంటుందని మా లాబొరేటరీ ఒక కాగితం రాసివ్వాలి. "కొన్నాళ్ళు కొలిచి, బాగానే ఉందని రాసేసి వచ్చెయ్ మిసావో. ఇది మర్యాద కోసం చేసే కొలత" అని ఉజిహారా గారు నన్ను పంపించారు.

కొత్త సంవత్సరానికి ఇంటికి వచ్చినప్పుడు, నాది "ఇనుముకి కాగితం ముక్కలు అంటించే ఉద్యోగం" అని పొరుగువాళ్ళతో చెప్పావు. నిజమే, కాదనను. ఆ ముక్క పేరు గేజి, గోరంత ఉంటుంది. దానిలో వెంట్రుకకన్నా సన్నని తీగ మెలికలు తిరిగి ఉంటుంది. ఉక్కుని గీకి, తుడిచి, దాని మీద గేజి అంటిస్తాను. రైలు వెళ్ళేటప్పుడు ఉక్కు ఎంత సాగితే తీగా అంతే సాగుతుంది, ఆ సాగుడు యంత్రంలో గీతగా పడుతుంది. గీతని బట్టి ఒత్తిడి లెక్క కడతాను. ఆ ఒత్తిడి లక్షలసార్లు వచ్చిపోతుంటే ఉక్కు ఎన్నాళ్ళకి అలిసిపోతుందో, ఎక్కడ పగులుతుందో దాన్నిబట్టి చెప్పొచ్చు.

ఇక్కడి ట్రాకు పని చూసే మేస్త్రి పేరు తొకుమారు. యాభై అయిదేళ్ళవాడు. స్లీపర్ల మీద ఇంటి వరండాలో నడిచినట్టు నడుస్తాడు. మొదటిరోజు నన్ను చూసి, "జిగురు పిల్లవి నువ్వేనా? వంతెనకి జలుబు చేస్తే పట్టీ వేస్తావా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

అసలు సంగతి ఇది. నిన్న మూడో ఖానాలో ఒక అడ్డదూలం దగ్గర రంగు గీకుతుంటే, వెల్డు పక్కన ఉక్కులో కొట్టిన గుర్తు బయటపడింది. 'కుమ', అంటే ఎలుగుబంటి అక్షరం. కింది నాలుగు చుక్కల్లో చివరిది సగమే పడింది. నీ కుమజో పేరులోని అక్షరం అది. నీ సుత్తి పిడి మీద, తోట కత్తి మీద, నా బడి అన్నం డబ్బా మీద కూడా ఇదే విరిగిన చుక్కతో కొట్టావు. పరంజా మీద కూర్చుని గట్టిగా నవ్వేశాను. తొకుమారు కంగారుపడ్డాడు.

నువ్వు ఎప్పుడూ ఓడల మీదే పనిచేశానని చెప్తూ వచ్చావు కదా. ఇక్కడికి ఎప్పుడొచ్చావు? ఎందుకు చెప్పలేదు?

మిసావో

•

ఇకుచి దీవి
మార్చి 20

అమ్మాయ్ మిసావో,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య "మీ గుర్తు దొరికిందట" అని వీధంతా చెప్పింది. అవును, అక్కడ ఎనిమిది నెలలు పనిచేశాను. యాభై ఏడు, యాభై ఎనిమిదిలో. ఓడల పని తగ్గితే వంతెనల వాళ్ళు మమ్మల్ని తీసుకెళ్ళారు. పెద్దగా చెప్పుకునే విషయం కాదని చెప్పలేదు, అంతే.

ఆ కొండల్లో చలి బాగా ఉంటుంది, నడుము చుట్టూ ఉన్ని గుడ్డ కట్టుకో. ఇక్కడ అడవిపంది పై తోటలో దిగి నాలుగు చెట్ల మొదళ్ళు తవ్వేసింది. కంచె వేస్తున్నాను.

నా వెల్డు గురించి నువ్వు దిగులుపడక్కర్లేదు. అరవై ఒక్కేళ్ళు వచ్చాయి, ఇంతవరకు నేను వేసిన అతుకు ఒక్కటి వెనక్కి రాలేదు. ఆ వంతెన మీద నా వెల్డు పగిలితే నా రెండు చేతులూ తీసి నీకు ఇచ్చేస్తాను. ధైర్యంగా రాసెయ్ బాగుందని.

అన్నట్టు, ఆ గుర్తు కనిపించింది నది ఎగువ వైపా, దిగువ వైపా? ఊరికే అడుగుతున్నాను.

కుమజో

•

కుజుహరా
ఏప్రిల్ 9

మామయ్యా,

ఎగువ వైపు. దిగువ వైపు ఊరి మంచినీళ్ళ గొట్టం చెక్కపెట్టెలో వంతెన పొడుగునా వేలాడుతోంది, అందుకని పరంజా ఎగువనే కట్టారు. డ్రాయింగులో రెండు వైపులా ఒకటే కాబట్టి ఒకవైపు కొలిస్తే చాలన్నారు.

కొలతలు పూర్తయ్యాయి. పెద్ద దూలాలు హాయిగా ఉన్నాయి, రైలు వెళ్ళినట్టే వాటికి తెలియదు. ఉజిహారా గారు ఆ అంకెలు ఫోనులో విని, "చూశావా, ఇక పెట్టె సర్దుకో" అన్నారు. నాకు సర్దబుద్ధి కాలేదు. అడ్డదూలం కింది పలకకి పక్కగా ఒక చిన్న పలక వెల్డు చేసి ఉంటుంది కదా, ఊత కమ్మీలు బిగించడానికి. ఆ చిన్న పలక ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడాలనిపించింది. సరిగ్గా వెల్డు అంచు మీద గేజి అంటదు. అందుకని అంచుకి దగ్గరగా ఒకటి, కాస్త ఎడంగా ఒకటి, ఇంకాస్త ఎడంగా ఒకటి, వరసగా మూడు అంటించాను. అంచు వైపు వచ్చేకొద్దీ ఒత్తిడి మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. ఆ మూడింటినీ కలిపి గీత అంచు దాకా పొడిగిస్తే చదరపు మిల్లీమీటరుకి తొమ్మిది కిలోలు. దూలం మధ్యలో ఉన్నదానికి రెట్టింపు.

రాతిబండి పెట్టె ఒక్కొక్కటీ దాటినప్పుడల్లా ఆ తొమ్మిది వచ్చిపోతుంది. ఇరవై పెట్టెలు, రోజుకి ఇరవై నాలుగు బళ్ళు, పదహారేళ్ళు. ఇప్పుడున్న బరువుతో ఇంకో నాలుగేళ్ళలో అక్కడ పగులు మొదలవుతుంది. కొత్త బరువైతే ఏడాదిన్నర.

మామయ్యా, నీ దగ్గర దాచి లాభం లేదు. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది నీ గుర్తు ఉన్న అతుకు దగ్గరే.

తొకుమారుకి యంత్రం గీసిన కాగితం చూపించాను. పెట్టెకొక శిఖరం చొప్పున ఇరవై శిఖరాలు. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి పద్నాలుగో దాని దగ్గర ఆగాడు. "ఇది ఎత్తుగా ఉందేం? ఇందులో రాయి ఎక్కువ పోశారు. కాటా దగ్గర కూర్చున్న వెధవ నిద్రపోయాడన్నమాట." అప్పట్నుంచి రోజూ పరంజా కిందకి వచ్చి "ఇవాళేం చెప్తోంది?" అని అడుగుతున్నాడు.

మిసావో

•

ఇకుచి దీవి
ఏప్రిల్ 15

మిసావో,

ఆ అతుకులన్నిటికీ అప్పట్లో ఎక్స్‌రే తీశారు. బుడగ లేదు, నలుసు లేదు. ఒసాకా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఫిల్ము దీపానికి ఎత్తి పట్టుకుని, పిల్లలకి పాఠంగా చూపించవచ్చన్నాడు. నీ కాగితం ముక్కలకి అది తెలియదు.

అత్తయ్య బాగుంది. తోటలో పని ఉంది.

కుమజో

•

కుజుహరా
ఏప్రిల్ 22

మామయ్యా,

నీ కార్డు నాలుగుసార్లు చదివాను. పెద్ద ఉత్తరం రాసేవాడివి ఆరు వాక్యాల కార్డు రాశావంటే ఎంత కోపం వచ్చిందో తెలుసు. అయినా రాస్తున్నాను.

నీ వెల్డు బాగాలేదని నేను అనలేదు. అది నేను చూసినవాటిలో అన్నిటికన్నా అందమైన వెల్డు. రంగు గీకాక చేపపొలుసుల్లా ఒకే కొలతలో వరసగా కనిపిస్తుంటే తొకుమారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. కానీ ఉక్కుకి ఎవరి చెయ్యో తెలియదు. రెండేళ్ళ కిందట మా లాబొరేటరీలో ఒకే ఆకారం అతుకులు రెండు చేయించాం. ఒకటి కోబెలో పేరున్న మేస్త్రి చేత, ఇంకొకటి నిన్నగాక మొన్న పని నేర్చినవాడి చేత. రెండిటినీ లాగి వదిలే యంత్రంలో పెట్టాం. మేస్త్రిది ఏ వంకా లేని అతుకు. అయినా రెండూ దాదాపు ఒకే లెక్క దగ్గర, ఒకే చోట పగిలాయి. వెల్డు లోపల కాదు, వెల్డు ముగిసే అంచున. పలక ఉన్నట్టుండి ఆగిపోయేచోట.

పడవ ముక్కుని చదరంగా ఎందుకు చెయ్యరో నీకు నేను చెప్పాలా? నీళ్ళు పక్కలకి జారిపోవాలని కదా. ఉక్కులో ఒత్తిడి కూడా అలాగే పారుతుంది. దారిలో ఏదైనా అడ్డంగా, మొనగా తగిలితే అక్కడ గుమిగూడుతుంది. ఇది ఆకారం తప్పు. చెయ్యి తప్పు కాదు.

నెలాఖరుకి ఇమ్మన్న రిపోర్టు నేనింకా ఇవ్వలేదు. ఎగువ వైపా దిగువ వైపా అని ఊరికే అడిగానన్నావు. నువ్వు ఊరికే ఏదీ అడగవు. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోతే, నన్ను పడవలో మీ ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు కూడా "ఊరికే" అని చెప్పే తీసుకెళ్ళావు.

మిసావో

•

ఇకుచి దీవి
మే 3

అమ్మాయ్,

పదకొండు రోజులు కలం పట్టుకోలేదు. ఇవాళ మీ అత్తయ్య కాగితం, కలం నా ముందు పెట్టి, "రాసేదాకా అన్నం లేదు" అని పొరుగింటికి వెళ్ళిపోయింది.

డ్రాయింగులో ఆ చిన్న పలకల చివర్లు గుండ్రంగా ఉంటాయి. నువ్వూ అదే చూసి ఉంటావు. ఎగువ వైపు పలకలు అలాగే వచ్చాయి. దిగువ వైపువి ఆలస్యమయ్యాయి. వచ్చినవి చూస్తే చివర్లు చదరం. సైటులోనే కోసి గుండ్రం చేసుకోమని రాశారు. అప్పటికి వానలు మొదలయ్యాయి. ప్రారంభానికి పది రోజులుంది. దొరలు వస్తున్నారని ఎర్ర తెల్ల గుడ్డలు కూడా కట్టేశారు. మా మేస్త్రి ఇకెబె, ఇప్పుడు లేడులే, "అలాగే అతికెయ్యండి, రంగేస్తే ఎవడికి తెలుస్తుంది" అన్నాడు. చివర చదరంగా వదిలితే బాగుండదు, కనీసం రాతిచక్రంతో అరగదీద్దాం అన్నాను. "కుమజో, నీకు కూలీ ఇస్తోంది అతకడానికా, ఆలోచించడానికా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను వెల్డింగు ముసుగు మొహం మీదకి దించుకున్నాను.

పన్నెండు పలకలు. ఇరవై నాలుగు చివర్లు. అన్నీ నేనే వేశాను. వెల్డు మాత్రం నా వెల్డే, దానికి వంక పెట్టలేరు. కానీ వాటి పక్కన గుర్తు కొట్టలేదు. పెట్టెలోంచి గుర్తు కొట్టే పంచ్ తీశాను, మళ్ళీ పెట్టేశాను. అందుకే నిన్ను ఏ వైపని అడిగాను. ఇంటికొచ్చాక ఓడల గురించి తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను ఒకటే చెప్పుకున్నాను, అతుకు గట్టిదైతే ఏమీ కాదని. నువ్వు ఆ మేస్త్రి అతుకు కూడా పగిలిందని రాశావు. రేవు దగ్గర కూర్చుని రెండు పడవలు వెళ్ళిపోయేదాకా అదే ఆలోచించాను. గుండ్రంగా ఉన్నదానికే తొమ్మిది వస్తే, చదరంగా ఉన్నదానికి ఎంత రావాలి?

నువ్వు తప్పు వైపు కొలిచావమ్మా. దిగువ వైపు చూడు. ముందు మూడో ఖానాలో, నడిమి అడ్డదూలానికి గని వైపు పక్కది. అక్కడ పలకకీ దూలానికీ సందు ఎక్కువ వచ్చింది, లావుగా నింపాను. ఆ నీళ్ళ గొట్టం చెక్కపెట్టె విప్పించు. వెళ్ళేటప్పుడు నడుముకి తాడు కట్టుకో, రెండు ముళ్ళు వెయ్యి.

ఈ ఉత్తరం ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

కుమజో

•

కుజుహరా
మే 15

మామయ్యా,

ఏడవకుండా ఇది చదువు. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

నీ ఉత్తరం రాగానే మా లాబొరేటరీ పాత పరీక్షలు తీశాను. చదరపు చివర మీద ఒత్తిడి గుండ్రటి దానికన్నా నాలుగో వంతు దాకా ఎక్కువ. అంటే తొమ్మిది పదకొండు అవుతుంది. వినడానికి రెండే, కానీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. లెక్క వేస్తే, దిగువ వైపు అతుకుల ఆయుష్షు అయిదేళ్ళ కిందటే పూర్తయింది.

ఉజిహారా గారికి ఫోను చేశాను. "ఒక ముసలి వెల్డరు జ్ఞాపకం మీద రైల్వే వాళ్ళ వంతెన విప్పిస్తావా? ఆయన నీకు మామయ్య కూడానట" అన్నారు. "జ్ఞాపకం మీద కాదండీ, లెక్క మీద. ఎక్కడ చూడాలో మాత్రం ఆయన చెప్పారు" అన్నాను. పై వాళ్ళని అడగాలి, ఆగమన్నారు.

ఫోను దగ్గరే నిలబడి తొకుమారు అంతా విన్నాడు. "నా వంతెన కింద నేను చూసుకోవడానికి ఒసాకా వాళ్ళ సెలవెందుకు?" అని గునపం భుజాన వేసుకున్నాడు. ఎక్కే ముందు నేనొక చీటీ రాసి ఆయన చేతికిచ్చాను. పగులు ఉంటుంది, పలక చివర వెల్డు అంచున మొదలై దూలానికి అడ్డంగా పోతుంది, అని. ఆయన చదవకుండా మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి చెక్కపెట్టె విప్పాం. గొట్టం వెనక పదహారేళ్ళ దుమ్ము. నువ్వు చెప్పిన అడ్డదూలం దగ్గర, పలక చదరంగా ముగిసిన చోట రంగు మీద సన్నని తుప్పు చార ఉంది. కళ్ళకి కాటుక కారినట్టు కిందకి జారింది. రంగు గీకి, ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాను. పగులు ఉంటే లోపలికి ఇంకిన ఎరుపు పొడిలోకి పైకి వస్తుంది. ముందు ఒక చుక్క వచ్చింది. తర్వాత ఎర్రదారం పరిచినట్టు గీత పలక చివర నుంచి రెండు వైపులా పాకి, అంచు దాటి దూలం నిలువు పలకలోకి ఎక్కింది. పద్నాలుగు సెంటీమీటర్లు.

తొకుమారు టోపీ తీసి, చీటీ విప్పి చదివాడు. గీత వైపు చూశాడు. మళ్ళీ చదివాడు. "టైమెంతైంది?" అని మాత్రం అడిగాడు.

మూడు దాటి పది నిమిషాలు. మూడూ నలభైకి బడిపిల్లల బండి.

ఆ మనిషి స్లీపర్ల మీద పరిగెత్తడం చూడాల్సింది నువ్వు. ఎర్రజెండా తీసుకుని స్టేషను అవతలి మలుపు దాకా వెళ్ళాడు. బండి వంతెనకి మూడు వందల అడుగుల దూరంలో ఆగింది. పిల్లల్ని దింపి రోడ్డు వంతెన మీదుగా నడిపించారు. ఎందుకు నడవాల్సి వచ్చిందో తెలియక, లెక్కల ట్యూషను తప్పిందని వాళ్ళు పాటలు పాడుకుంటూ వెళ్ళారు. నేను దూలం మీదే కూర్చుండిపోయాను. మామయ్యా, ఆ పాటలు వింటుంటే ఇంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం కంపెనీ డైరెక్టరు ఫోనులో అరిచాడు. తొకుమారు మెల్లగా జవాబు చెప్పాడు: "బండి ఆపింది నేనండీ. ఉద్యోగం తీసెయ్యాలంటే తీసెయ్యండి. ముందొకసారి వచ్చి ఆ దూలం కింద నిలబడి పైకి చూడండి." మర్నాడు ఆయన మెరిసే బూట్లతో వచ్చాడు. నిచ్చెన ఎక్కాడు. దిగాక బూట్ల వంక చూసుకోకుండా, "బాగయ్యే దాకా ఒక్క రైలు చక్రం కూడా దీని మీద తిరగకూడదు" అని ఆయనే ఆర్డరు వేశాడు.

ఉజిహారా గారు నిన్న వచ్చారు. పగులుని చాలాసేపు చూశారు. పక్కనే పగలని చదరపు చివర మీద నేను మూడు గేజీలు అంటించి, రాళ్ళు నింపిన తోపుడు బండిని మెల్లగా నడిపించి లెక్కగట్టిన కాగితం చూపించాను. రాతిబండి బరువుకి సరిచేస్తే పదకొండుంపావు. పదకొండని ముందే చెప్పాను కదా. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "రిపోర్టు మీద మొదటి పేరు నీది. రెండోది నాది వద్దు, నేను అడ్డం పడ్డాను" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు కనిపించింది.

నీ ఉత్తరం ఆయనకీ, తొకుమారుకీ చదివి వినిపించాను. తొకుమారు సిగరెట్టు ఆర్పేసి, "ఆ ఎలుగుబంటిని పిలువు. ఈ కాలపు కుర్రాళ్ళకి తలకిందులుగా వేలాడి పనిచెయ్యడం రాదు" అన్నాడు.

వస్తావా?

మిసావో

•

ఇకుచి దీవి
మే 19

అమ్మాయ్,

అత్తయ్య ఏడ్చింది. నేను ఏడవలేదని నీకు చెప్పమంది, కాబట్టి చెప్తున్నాను.

బుధవారం వస్తున్నాను. ముసుగు కోసం ఇల్లంతా వెతికితే ముల్లంగి ఊరగాయ పీపా మీద దొరికింది, అత్తయ్య ఇన్నాళ్ళూ మూతగా వాడుతోంది. నాలుగుసార్లు కడిగినా వాసన పోలేదు. కళ్ళు మునుపటిలా లేవు, వెల్డు నేను వెయ్యను. చివర ఎలా కోయాలో, ఎలా అరగదియ్యాలో చూపిస్తాను.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మీ వాళ్ళు నన్ను చూసి ఏమనుకుంటారు?

కుమజో

•

కుజుహరా, మే 21
(తంతి)

రా మామయ్యా. స్టేషనుకి అందరూ వస్తున్నారు. మిసావో

•

కుజుహరా
జూలై 2

మామయ్యా,

పరీక్ష రోజు దాకా ఉండమంటే ఉండకుండా వెళ్ళిపోయావు. "నేనుంటే అందరూ నా మొహం చూస్తారు, నువ్వు చెప్పేది వినరు" అన్నావు. నీ మొహం లేకపోయినా నీ మాటలే వినిపించాయిలే. అయిదు వారాలు నువ్వు కుర్రాళ్ళని తిట్టిన తిట్లు వాళ్ళు ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడానికి వాడుతున్నారు. "ఇది గుండ్రమా? మీ అత్తగారి మడమ ఇంతకన్నా నున్నగా ఉంటుంది" అన్నది అన్నిటికన్నా ఎక్కువ వినిపిస్తోంది.

నిన్న పరీక్ష జరిగింది. రెండు ఇంజన్లు జత చేసి, వెనక ఇరవై పెట్టెల్లో అక్టోబరు నుంచి నడపబోయే బరువు నింపారు. పొద్దున్నే నది రెండు ఒడ్లా ఊరంతా చేరింది. గని వాళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు, బడిపిల్లలు, నూడిల్సు బండివాడు కూడా. దిగువ వైపు పన్నెండు పలకలకీ నువ్వు అరగదీయించిన చివర్ల దగ్గర గేజీలు అంటించాను. ఎగువ వైపు కూడా నువ్వు మళ్ళీ పెద్ద గుండ్రం చేయించావు కదా, అక్కడా అంటించాను. పగిలిన దూలానికి, పగులు ఇంక పాకకుండా కొనల్లో రంధ్రాలు తొలిచి, పక్కపలకలు బిగించినచోట ఎక్కువ పెట్టాను. డెబ్బై రెండు గేజీలు, ఒక్కటి కూడా ఊడలేదు.

బండి నడిచి వెళ్ళేంత వేగంతో వచ్చింది. యంత్రం కలాలు కదిలాయి. నేను కాగితం మీదకి వంగాను. తొకుమారు నా వెనక నిలబడి నా భుజం మీదుగా చూస్తున్నాడు, ఊపిరి నా మెడకి తగులుతోంది. మొదటి పెట్టె దాటింది, రెండోది దాటింది. శిఖరాలు లేవు మామయ్యా. చిన్న చిన్న అలలు, పొద్దుటి పూట మీ రేవులో ఉంటాయే, అలాంటివి. బండి మొత్తం దాటాక స్కేలు పెట్టి కొలిచాను. కొత్త బరువుకి కూడా ఆరు. ఆరు దాటలేదు ఎక్కడా.

గట్టిగా చదివాను, "ఆరు" అని. తొకుమారు ఒడ్డు మీద వాళ్ళకి వినపడేలా "ఆరట" అని కేకేశాడు. వాళ్ళకి ఆ అంకె అర్థం కాకపోయినా ఆయన మొహం చూసి అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఇంజను డ్రైవరు ఊరికే ఈల వేశాడు, ఆపకుండా. రెండోసారి పూర్తి వేగంతో పంపించాం. అప్పుడూ ఆరే. ఈ వంతెన ఇక నాకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, తొకుమారు మనవల మనవలు కూడా దీని మీద తిరుగుతారు.

సాయంత్రం బడిపిల్లల బండి వెళ్ళింది. తొకుమారు పట్టాల పక్కన నిటారుగా నిలబడి టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. దాటాక నా దగ్గరికొచ్చి నడుము దాకా వంగి, "మిసావో గారూ" అన్నాడు. మార్చి నుంచి జిగురు పిల్లా అని పిలిచిన మనిషి. నేనూ వంగాను. ఇద్దరం ఎవరు ముందు లేవాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయాం. నూడిల్సు బండివాడు నవ్వాడు.

డైరెక్టరు మా లాబొరేటరీకి రాశాడు, ఈ దారిలో ఉన్న మిగతా వంతెనలు కూడా నేనే కొలవాలని. ఉజిహారా గారు ఇప్పటి నుంచి చిన్న పలకల చివర్ల దగ్గర కూడా కొలవడం తప్పనిసరి చేశారు, ఒక వైపు కాదు, రెండు వైపులా. కింద నా సంతకం పెట్టించారు.

మిసావో

•

ఇకుచి దీవి
ఆగస్టు 27

అమ్మాయ్ మిసావో,

జవాబు ఆలస్యమైంది. నేను ఊళ్ళో లేను. నీ ఉత్తరం తిరిగొచ్చాక చదివాను. చదివి బయటికి వెళ్ళి తోటంతా ఒకసారి తిరిగొచ్చాను.

నీకు ఒకటి చెప్పలేదు, కుజుహరాలో ఉన్నప్పుడు చెప్పాలనుకుని ఆగాను. ఇకెబె మేస్త్రి కింద నేను ఇంకో రెండు వంతెనలు చేశాను, ఒకటి కొచి వైపు, ఒకటి సన్‌ఇన్ వైపు. అక్కడ కూడా కొన్ని చదరంగా వదిలేశాం. కుజుహరా నుంచి వచ్చాక రోజూ వాటి గురించే ఆలోచన. ఉత్తరాలు రాస్తే ఏ బల్ల సొరుగులోనో పడిపోతాయని నేనే వెళ్ళాను.

కొచిలో ఆఫీసు బల్ల ముందు నిలబడి, "మీ వంతెన మీద కొన్ని అతుకులు తప్పుగా వేశాం. వేసింది నేనే" అన్నాను. బల్ల దగ్గర కుర్రాడు రాస్తున్న కలం పక్కన పెట్టాడు. "తాతగారూ, ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారా, ఒప్పుకోవడానికి వచ్చారా?" అన్నాడు. రెండూ కాదు, చూపించడానికి వచ్చానన్నాను. నవ్వారు, టీ ఇచ్చారు. మీ లాబొరేటరీ రిపోర్టు, నీ పేరు మొదట ఉన్నది, బల్ల మీద పెట్టాను. నవ్వు ఆగింది. ఆ మధ్యాహ్నమే నిచ్చెన వేశారు. ఆరు చివర్లు చదరంగా ఉన్నాయి, నేను చెప్పినచోటే. ఎర్ర మందు పూస్తే ఏమీ రాలేదు, అక్కడ బళ్ళు తక్కువ. అయినా గుండ్రం చేయించాం. నాలుగు రోజులు వాళ్ళ మనుషులకి అరగదియ్యడం నేర్పాను. వెళ్ళేటప్పుడు బొనిటో చేప కాల్చి విందు పెట్టారు, నన్ను "సార్" అన్నారు. అరవై ఒక్కేళ్ళలో నన్నెవరూ అలా అనలేదు.

సన్‌ఇన్‌లో వేలెడంత పగులు దొరికింది. వేలెడంతే. ఇంకో నాలుగేళ్ళు ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో అక్కడున్న ఇంజనీరుకి తెలుసు, నాకూ తెలుసు. తొలిచి, ఆపి, బాగుచేశాం. పదహారేళ్ళుగా నా మీద కూర్చున్నది దిగిపోయింది. పడవ మీద వస్తూ హాయిగా నిద్రపోయాను, రేవు దాటిపోయి పక్క దీవిలో దిగాను. అత్తయ్య ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ ఇంజనీరు నవంబరులో వంతెన అంతా గేజీలతో కొలిపించాలనుకుంటున్నాడు. ఎవరిని పిలిస్తే మంచిదని నన్నే అడిగాడు. మిసావో అనే ఆమె ఒసాకాలో ఉంది, ఎక్కడ పగులుతుందో నిచ్చెన ఎక్కకముందే కాగితం మీద రాసిచ్చిన మనిషి, ఆవిడని పిలవండి, ఇంకెవరినీ వద్దు అన్నాను. "ఆవిడ మీకు తెలుసా?" అన్నాడు. తెలుసు, ఆమె దగ్గర పని నేర్చుకున్నాను అని చెప్పాను.

కుమజో